రోటెన్‌బుర్గ్‌కు రెండు గంటలు చాలవు: అపోహలు - వాస్తవాలు

"చిన్న ఊరే కదా, రెండు గంటల్లో అయిపోతుందిగా?" జర్మనీలోని బవేరియాలో, కోటగోడ ఉన్న మధ్యయుగపు ఊరు రోటెన్‌బుర్గ్ ఓబ్ డేర్ టౌబర్‌కు బయల్దేరే మనవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఇదే. ఊరు చిన్నదన్న మాట నిజమే. జనాభా సుమారు 11,000, తూర్పు ద్వారం నుంచి పడమటి ద్వారానికి పావుగంట నడక. కానీ ఆ లెక్క నమ్మి మధ్యాహ్నం 3 గంటలకే తిరుగు టికెట్ కొనేసేవాళ్లు నష్టపోతున్నారు. అది ఆ రైలుకే కట్టుబడిన చౌక టికెట్ కావడంతో, ఉండాలనిపించినా ఉండలేక పరుగెత్తుతారు.

అపోహ: ప్లోన్‌లైన్ (రెండు బురుజుల మధ్య దారి చీలే చోటు) దగ్గర ఫొటో, ఒక ష్నేబాల్ మిఠాయి, అంతే ఊరు.

ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బస్సుల్లో వచ్చే గుంపులన్నీ రెండే చోట్ల ఉంటాయి: మార్క్ట్‌ప్లాట్స్ అనే ఊరి నడిబొడ్డు చౌక్, ప్లోన్‌లైన్. రెండు గంటల కోసం వచ్చినవాళ్లు కూడా అదే సమయంలో ఆ రెండు చోట్లే తిరిగి, "అంతా జనమే, ఏముందక్కడ" అనుకుంటూ వెళ్లిపోతారు. వంద అడుగులు పక్కకు వేస్తే వీధి ఖాళీగా ఉంటుంది.

అసలు లెక్క ఇది. కోటగోడ మీద నడకకు గంట, గంటంపావు. సెయింట్ యాకోబ్ చర్చికి 40 నిమిషాలు. కోట తోట, కింద టౌబర్ లోయ కలిపి గంటన్నర. మధ్యయుగ నేర, శిక్షల మ్యూజియానికి గంటన్నర. భోజనానికి గంట. దాదాపు ఆరు గంటలైంది. టౌన్‌హాల్ టవర్ ఎక్కితే ఇంకో అరగంట. అందులో 220 మెట్లు, పైకి వెళ్లేకొద్దీ ఇరుకు, చివర ఒక్కరే పట్టే సందు. ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్లు అది వదిలేయండి, ఊరి అందమేమీ తగ్గదు.

నడక వరస తప్పితే కాళ్ల నొప్పులు మిగులుతాయి, చూసింది మిగలదు. స్టేషన్ ఊరికి తూర్పున, గోడ బయట ఉంది. అక్కడి నుంచి రోడర్ ద్వారం దాకా 10 నిమిషాలు. నేరుగా చౌక్‌లోకి వెళ్లకుండా ఆ ద్వారం దగ్గరే మెట్లెక్కి గోడ మీదికి చేరండి. పైకప్పు ఉన్న ఈ దారి మొత్తం సుమారు రెండున్నర కిలోమీటర్లు, టికెట్ లేదు. అక్కడి నుంచి ఉత్తరంగా క్లింగెన్ ద్వారం దాకా వెళ్లి దిగితే ఉదయానికి చాలు. దారి ఇరుకు, ఎదురొచ్చేవాళ్లకు పక్కకు తప్పుకోవాలి. అక్కడక్కడ దూలాలు కిందికి ఉంటాయి, పొడుగువాళ్ల తలలు తగులుతాయి. పిల్లల బండి మీదికి ఎక్కదు, కాబట్టి ఎత్తుకునే సంచీ తెచ్చుకోండి.

క్లింగెన్ ద్వారం నుంచి ఊళ్లోకి వచ్చే వీధి యాకోబ్ చర్చి కిందుగానే వెళ్తుంది. పైన భవనం, కింద దారి. సరిగ్గా మీ తల మీద, పడమటి గ్యాలరీలో, శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1500 ప్రాంతంలో మొదలుపెట్టి 1505కి ముగించిన 'పవిత్ర రక్తపు' వేదిక ఉంది. టికెట్ కొని లోపలికి వెళ్లినవాళ్లు కూడా ముందున్న పెద్ద వేదికనే చూసి బయటికి వచ్చేస్తుంటారు, చాలా బాధ కలిగించే విషయమిది. వెనక్కి తిరిగి, మెట్లెక్కి, పైకి వెళ్లండి. చెక్కలో చెక్కిన యేసు చివరి విందు దృశ్యమది, మధ్యలో నిలబడ్డవాడు ఆయన్ని పట్టిచ్చిన యూదా. ఈ ఒక్కదానికి 20 నిమిషాలు కేటాయించండి.

మధ్యాహ్నం చౌక్ నిండా జనమున్నప్పుడు మీరు పడమటికి, కోట తోటలోకి పోండి. అక్కడున్న కోట 1356 భూకంపంలో దెబ్బతిని పోయింది, తోట మిగిలింది. కిందికి చూస్తే లోయ, రెండంతస్తుల వంతెన కనిపిస్తాయి. దిగితే ఊరి మేయర్ హైన్‌రిఖ్ టోప్లర్ 1388లో కట్టించుకున్న చిన్న బురుజు ఇల్లు దాకా వెళ్లొచ్చు. సాయంత్రం బస్సులు వెళ్లాక ప్లోన్‌లైన్‌కు రండి. అప్పుడు ఫొటోలో మీరు, రెండు బురుజులు తప్ప ఇంకెవరూ పెద్దగా ఉండరు.

అపోహ: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లలేం.

అమ్మానాన్నలు మూడు నెలల వీసా మీద వచ్చినప్పుడు ఈ భయం చాలామందికి ఉంటుంది. అర్థమవుతుంది, కానీ తీసుకెళ్లండి. రోడర్ ద్వారం నుంచి చౌక్ మీదుగా కోట తోట దాకా పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఊరు లోయకు సుమారు 60 మీటర్ల ఎత్తున ఉంది, కష్టమల్లా ఆ లోయలోకి దిగి ఎక్కడమే. వాళ్లను తోటలో బెంచీ మీద కూర్చోబెట్టి, మీరు దిగి రండి. రాళ్లు పరిచిన వీధుల్లో పల్చటి అడుగున్న చెప్పులతో మధ్యాహ్నానికే పాదాలు మండుతాయి. మెత్తని అడుగున్న బూట్లు వేయించండి, అమ్మ చీర కట్టుకున్నా సరే.

అపోహ: ఇక్కడ కనిపించేదంతా మధ్యయుగానిదే.

సగం నిజం. ముప్పయ్యేళ్ల యుద్ధం (1618-48) తర్వాత ఊరు చితికిపోయింది. కొత్తవి కట్టుకునే డబ్బు లేక పాతవే మిగిలాయి. 1945 మార్చి 31న అమెరికన్ విమానాల బాంబులు తూర్పు భాగాన్ని కూల్చాయి, పాత ఊళ్లో దాదాపు 40 శాతం పోయింది. అంటే స్టేషన్ వైపు నుంచి మీరు మొదట చూసే వీధులే తర్వాత కట్టినవి. వాటి గోడలు సాదాగా, ఒకే తీరుగా ఉంటాయి. పడమటి వైపు చాలావరకు అసలువే. కోటగోడలో పేర్లు చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. తిరిగి కట్టడానికి విరాళమిచ్చిన వాళ్ల పేర్లవి, వాటిలో జపాన్ పేర్లూ ఎక్కువే. "నకిలీ ఊరు" అని ప్రచారం చేసేవాళ్లు ఈ రాళ్లు ఒకసారి చదవాలి.

ఆ ముప్పయ్యేళ్ల యుద్ధంలో, 1631లో, మేయర్ నూష్ ఒక్క గుక్కలో మూడుంపావు లీటర్ల వైన్ తాగి శత్రుసేన నుంచి ఊరిని కాపాడాడన్నది కథ. దాన్ని జనంలోకి తెచ్చింది 1881 నాటి నాటకం. లోపల మేకులున్న 'ఐరన్ మైడెన్' పెట్టెతో మధ్యయుగంలో మనుషుల్ని చంపేవారన్నదీ అంతే. ఆ కథలు తర్వాతి కాలంలో పుట్టినవి.

అపోహ: మ్యాప్‌లో "రోటెన్‌బుర్గ్" అని కొడితే చాలు.

చాలదు. హాంబుర్గ్, బ్రేమెన్ మధ్య ఒక రోటెన్‌బుర్గ్ ఉంది, ట్యూబింగెన్ పక్కన రొటెన్‌బుర్గ్ ఉంది, ఫుల్డా ఒడ్డున మరొకటి, సాక్సనీలో ఇంకొకటి. టికెట్ మీద "ఓబ్ డేర్ టౌబర్" ఉందో లేదో చూడండి. రైలు మారాల్సిన ష్టైనాఖ్ పేరుతో కూడా చాలా స్టేషన్లు ఉన్నాయి, మీకు కావలసింది "బై రోటెన్‌బుర్గ్" ఉన్నది. అక్కడ మారే చిన్న రైలు పావుగంటలో ఊరు చేరుస్తుంది, కానీ ఎక్కువగా గంటకొకటే. మొదటి రైలు ఐదు నిమిషాలు ఆలస్యమైనా మీకు గంట పోవచ్చు. న్యూరెంబర్గ్ నుంచి ఆన్స్‌బాఖ్, ష్టైనాఖ్‌లలో మారుతూ సుమారు గంటన్నర వేసుకోండి.

బవేరియాలో ఒకరోజు చెల్లే బయర్న్ టికెట్ ఒక్కదానిపై ఐదుగురి దాకా వెళ్లొచ్చు, మనిషికి కొంత చొప్పున పెరుగుతుంది. పనిదినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచి. దాని మీద పేర్లు రాయాలి. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఒక్కరికే, ఇంకొకరికి ఇవ్వకూడదు. రెండిటితోనూ ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్లు ఎక్కకూడదు. తెలియక ఎక్కాం అంటే టికెట్ లేని ప్రయాణంగానే చూస్తారు.

మిగతావి గబగబా.

ష్నేబాల్ అంటే మంచు కాదు, ఐస్‌క్రీమూ కాదు. మైదా పిండిని రిబ్బన్లుగా కోసి, ఉండగా చుట్టి, వేయించి పంచదార చల్లుతారు. గవ్వల్లా గుల్లగా ఉంటుంది. పిండిలో గుడ్డు ఉంటుంది, చాలా వంటకాల్లో కొద్దిగా ప్లమ్ సారా కూడా. గుడ్డు తిననివాళ్లు, మద్యం ముట్టనివాళ్లు కొనేముందే అడగండి. చేతిలో పట్టుకుని కొరికితే బట్టల నిండా పొడే, సంచీలో ఉంచి నొక్కి, ముక్కలు చేసుకుని తినాలి.

ఆదివారం అన్నీ మూసేస్తారన్నది పూర్తి నిజం కాదు. జ్ఞాపికల దుకాణాలు, కేఫ్‌లు చాలావరకు తెరిచే ఉంటాయి, సూపర్‌మార్కెట్లు మూతపడతాయి. నీళ్ల సీసా, పిల్లల తినుబండారాలు శనివారమే కొనిపెట్టుకోండి. పనిదినాల్లోనూ బవేరియాలో రాత్రి 8కి సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. మధ్యాహ్నం 2 తర్వాత సాయంత్రం 5.30 దాకా చాలా వంటశాలలు ఆపేస్తాయి, 12.30కే భోజనానికి కూర్చోండి. టాయిలెట్లకు నాణేలు దగ్గర ఉంచుకోండి.

డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో లోయకు ముందు వెళ్లండి, గోడ చివరికి ఉంచుకోండి. రాత్రి చివరి రైలు ఏ గంటకో ఉదయమే స్టేషన్‌లో చూసి ఫొటో తీసుకోండి. ఊరి నుంచి వెళ్లేది కాదు, ష్టైనాఖ్ నుంచి మీ ఊరి వైపు వెళ్లే చివరి రైలు చూడాలి.