ఒక్క అమైనో ఆమ్లం తేడా

బాక్టీరియా కంటే ఫంగస్ మనకు దగ్గరి చుట్టం. దాని కణంలోనూ కేంద్రకం ఉంటుంది, దాని ప్రోటీన్లలో చాలావాటికి మనలో జోడీలు ఉంటాయి. మందు తయారీకి ఇదే పెద్ద అడ్డంకి.

కాల్సిన్యూరిన్‌నే చూడండి. మన ఒంటి వేడి 37 డిగ్రీల్లో క్రిప్టోకాకస్ అనే రోగకారక ఫంగస్ పెరగాలంటే ఈ ఎంజైమ్ ఉండి తీరాలి. టాక్రోలిమస్ అనే మందు ఎఫ్‌కేబీపీ12 అనే చిన్న ప్రోటీన్‌లో ఇరుక్కుని, దాంతో కలిసి కాల్సిన్యూరిన్‌కు అడ్డుపడుతుంది. కానీ మన రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు మేలుకోవడానికి కూడా కాల్సిన్యూరినే కావాలి. అందుకే అవయవ మార్పిడి జరిగినవాళ్లకు ఈ మందు వాడతారు. ఫంగస్‌తో పోరాడుతున్న రోగికి రోగనిరోధక శక్తిని అణిచే మందు ఎలా ఇస్తాం?

తేడా ఎక్కడుందో తెలియాలంటే ఫంగస్ ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్-రేతో చూడాలి. ఆ ప్రోటీన్‌ను మామూలుగా ఈ.కోలి అనే బాక్టీరియాలో తయారుచేయిస్తారు. మొదటి చిక్కు జన్యువు దగ్గరే. సీయూజీ అనే కోడాన్‌ను (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల సంకేతాన్ని) ఈ.కోలి ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంగా చదువుతుంది, కాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్ మాత్రం దాదాపు ఎప్పుడూ సెరిన్ అనే మరో అమైనో ఆమ్లంగా చదువుతుంది. ఆ కోడాన్లను ముందే మార్చకపోతే చేతికొచ్చేది అసలు ప్రోటీన్ కాదు.

శుద్ధి చేసిన ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా చిక్కబరిచి, ఒక మైక్రోలీటరుకు అంతే లవణ ద్రావణం కలిపి, ఆ చుక్కను మూసిన గుంటపై వేలాడదీస్తారు. నీరు మెల్లగా తగ్గాలి. తొందరగా తగ్గితే మడ్డే మిగులుతుంది. మెరిసే స్ఫటికం కనబడినా వెంటనే నమ్మకూడదు. సన్నని సూదితో నొక్కితే ప్రోటీన్ స్ఫటికం ఇట్టే నలిగిపోతుంది, ఉప్పు స్ఫటికం గట్టిగా నిలబడి టక్కున పగులుతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచే ముందు గ్లిసరాల్ లాంటిది కలపకపోతే మంచు పేరుకుని, ఎక్స్-రే చిత్రం నిండా మంచు వలయాలే కనిపిస్తాయి.

2019లో నాలుగు రోగకారక ఫంగస్‌ల కాల్సిన్యూరిన్-టాక్రోలిమస్-ఎఫ్‌కేబీపీ12 నిర్మాణాలు వెలువడ్డాయి. వాటిలో ఒకటైన ఆస్పర్‌జిల్లస్ ఎఫ్‌కేబీపీ12లో 88వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, మనకు అక్కడ హిస్టిడిన్ అనే వేరే అమైనో ఆమ్లం ఉంది. ఈ తేడాను ఆసరా చేసుకుని టాక్రోలిమస్ 22వ కార్బన్‌కు కొత్త భాగం తగిలిస్తే ఏపీఎక్స్879 అనే కొత్త మందు తయారైంది. ఎలుకల్లో అది ఫంగస్‌పై పనిచేసింది, రోగనిరోధక శక్తిని అణిచే గుణం మాత్రం బాగా తగ్గింది.

అయితే స్ఫటికం చూపేది గడ్డకట్టిన ఒక్క భంగిమనే. 88వ స్థానం ఉన్న మెలిక ద్రావణంలో ఊగుతూ ఉంటుంది. ఆ ఊగు పట్టాలంటే ఎన్‌ఎంఆర్ కావాలి, అంటే ద్రావణంలో ఉన్న అణువులను అయస్కాంత క్షేత్రంతో పరిశీలించే పద్ధతి. తర్వాతి మందుకు కొలతలు తీయాల్సింది ఆ కదలికలోనే.