న్యూస్‌లెటర్ స్పామ్‌లో ఎందుకు పడుతుంది? అపోహలు - వాస్తవాలు

న్యూస్‌లెటర్ స్పామ్‌లోకి పోతోందనగానే చాలామంది ముందుగా సబ్జెక్ట్ లైన్ మీద పడతారు. 'ఉచితం' తీసేస్తారు, ఆశ్చర్యార్థకాలు తగ్గిస్తారు, ఎర్ర బటన్‌ను నీలం చేస్తారు. మళ్లీ పంపితే మళ్లీ స్పామే. జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేవి రెండే: ఈ మెయిల్ నిజంగా ఆ డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాతి పేరు) నుంచే వచ్చిందా, అక్కణ్నుంచి ఇదివరకు వచ్చిన మెయిళ్లను జనం ఏం చేశారు. మాటల సంగతి ఆ తర్వాతే.

అపోహ: 'ఉచితం', 'ఆఫర్' అని రాస్తే స్పామే

పాత ఫిల్టర్ల కాలంలో పుట్టిన భయం ఇది. స్పామ్‌అసాసిన్ లాంటి ఫిల్టరు ఒక్కో లక్షణానికి కొన్ని పాయింట్లు వేస్తుంది. మామూలు సెట్టింగులో మొత్తం 5కి చేరితే స్పామ్ ముద్ర పడుతుంది. ఒక్క మాట వల్ల అంత స్కోరు రాదు. కంటెంట్‌లో దెబ్బ తీసేవి వేరే ఉన్నాయి. లింకులు కుదించే ఉచిత సర్వీసులు వాటిలో ఒకటి. ఆ డొమైన్‌ను మోసగాళ్లూ వాడతారు కాబట్టి వాళ్ల చెడ్డపేరు మీకూ అంటుకుంటుంది. లింకులు మీ డొమైన్‌వే ఉండాలి. క్లిక్ ట్రాకింగ్‌కు కూడా మీ సబ్‌డొమైనే పెట్టుకోండి. మెయిలంతా ఒకే పెద్ద బొమ్మగా పంపడం ఇంకో పొరపాటు. బొమ్మలు లోడ్ కాకపోతే చదివేవారికి ఖాళీ పేజీ మిగులుతుంది, ఫిల్టరుకు అనుమానం మిగులుతుంది.

అపోహ: డబ్బు కట్టి మెయిల్ సర్వీసు వాడుతున్నాం, ఎస్‌పీఎఫ్, డీకిమ్ వాళ్లే చూసుకుంటారు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఎస్‌పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా. డీకిమ్ అంటే మెయిల్‌కు వేసే డిజిటల్ సంతకం. ఆ రెండూ 'ఫ్రమ్' డొమైన్‌తో కలుస్తున్నాయా చూసి, కలవకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. మీ న్యూస్‌లెటర్‌ను మీ జీమెయిల్‌కే పంపుకుని తెరవండి. మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు కనపడతాయి. మొదటి రెండూ 'పాస్' అని ఉండి మూడోది 'ఫెయిల్' అని ఉండొచ్చు. ఇదెలా సాధ్యం? ఆ రెండూ పాసయింది మీ డొమైన్ పేరు మీద కాదు, సర్వీసు వాళ్ల డొమైన్ పేరు మీద. డీకిమ్ వరుసలో పక్కనే ఏ డొమైనో రాసి ఉంటుంది, చూడండి. 'ఫ్రమ్'లో కనపడే డొమైన్‌తో డీకిమ్ సంతకంలోని డొమైన్ గానీ, ఎస్‌పీఎఫ్ పాసైన డొమైన్ గానీ కలిస్తేనే డీమార్క్ పాసవుతుంది.

సరిచేయాలంటే సర్వీసు సెట్టింగుల్లో డొమైన్ ఆథెంటికేషన్ అనే చోటికి వెళ్లాలి. మీ డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగులు రాసుండే చోటు) పెట్టమని కొన్ని రికార్డులు ఇస్తారు. తరచూ జరిగే తప్పు ఏమిటంటే, వాళ్లిచ్చిన పేరును మొత్తంగా కాపీ చేసి అతికిస్తాం. చాలా డీఎన్ఎస్ ప్యానెళ్లు చివర డొమైన్ పేరును వాటంతటవే కలుపుతాయి. దాంతో రికార్డు పేరులో డొమైన్ రెండుసార్లు వస్తుంది. సర్వీసేమో 'వెరిఫై కాలేదు' అంటూనే ఉంటుంది, మనం డీఎన్ఎస్ అప్‌డేట్ అవడానికి టైం పడుతుందిలే అని రెండు రోజులు ఎదురుచూస్తాం. పేరులో డొమైన్‌కు ముందున్న భాగం మాత్రమే ఇస్తే చాలు.

ఎస్‌పీఎఫ్‌లో గుర్తుంచుకోవలసినవి రెండు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. కొత్త సర్వీసు తీసుకున్నప్పుడల్లా కొత్త రికార్డు పెడితే, రెండోది వచ్చిన క్షణం నుంచి రెండూ చెల్లవు. పాత రికార్డులోనే కొత్త సర్వీసు పేరుతో 'ఇన్‌క్లూడ్' అనే ముక్క చేర్చాలి. అలాగని చేర్చుకుంటూ పోకూడదు. ఆ రికార్డును విప్పడానికి 10కి మించి డీఎన్ఎస్ వెతుకులాటలు పడితే అదీ చెల్లదు. వాడటం మానేసిన సర్వీసులను తీసేయండి.

డీమార్క్‌ను 'నన్' (ఫెయిలైనా ఏమీ చేయొద్దు) పాలసీతో మొదలుపెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రసు ఇవ్వండి. మీ పేరుతో ఎక్కడెక్కడి నుంచి మెయిళ్లు వెళ్తున్నాయో కొన్ని వారాలు చూడండి. బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఫారం లాంటి మరిచిపోయినవన్నీ బయటపడతాయి. అవన్నీ పాసయ్యాకే 'క్వారంటైన్'కు (ఫెయిలైనవి స్పామ్‌లో పెట్టు) మార్చాలి. ముందే 'రిజెక్ట్' (ఫెయిలైనవి తిప్పికొట్టు) పెడితే సొంత బిల్లులే తిరిగొస్తాయి.

అన్నట్టు, 'ఫ్రమ్'లో ఉచిత మెయిల్ అడ్రసు పెట్టి సర్వీసు ద్వారా న్యూస్‌లెటర్ పంపకండి. యాహూ 2014లోనే తన డొమైన్‌కు 'రిజెక్ట్' పాలసీ పెట్టింది. బయటి సర్వర్ల నుంచి యాహూ పేరుతో వెళ్లే మెయిల్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: ఈ రూల్స్ పెద్ద కంపెనీలకే

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ రూల్స్‌ను గట్టిగా అమలు చేస్తున్నాయి. 2025 మేలో ఔట్‌లుక్ కూడా అదే దారి పట్టింది. జీమెయిల్ అడ్రసులకు రోజుకు దాదాపు 5,000 మెయిళ్లు, అంతకు మించి పంపితే దాని లెక్కలో మీరు బల్క్ సెండరే, అంటే పెద్ద మొత్తంలో పంపేవారే. సబ్‌డొమైన్లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక్కసారి పంపినా ఆ ముద్ర శాశ్వతం. అంతకన్నా తక్కువ పంపేవాళ్లకూ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ తప్పదు. మూడూ పెట్టుకుంటేనే నయం.

అపోహ: అన్‌సబ్‌స్క్రైబ్ లింకును చిన్న అక్షరాల్లో దాచేస్తే లిస్టు తరగదు

వెళ్లిపోవాలనుకున్న మనిషికి దారి దొరక్కపోతే 'రిపోర్ట్ స్పామ్' నొక్కుతాడు. అది మీకు అన్‌సబ్‌స్క్రైబ్ కన్నా ఎన్నో రెట్లు నష్టం. ఇలాంటి ఫిర్యాదులకు జీమెయిల్ గీసిన గీత 0.3 శాతం, ఉండమనేది 0.1 శాతం లోపు. ఇన్‌బాక్సులో చేరిన ప్రతి 1,000 మెయిళ్లకు 3 ఫిర్యాదులొస్తే ఆ గీత తాకినట్టే.

పెద్ద మొత్తంలో పంపేవాళ్లకు కింద లింకు ఒక్కటే సరిపోదు. హెడర్‌లో (మెయిల్‌తో పాటు వెళ్లే, పైకి కనపడని సమాచారం) లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్, లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్-పోస్ట్ అని రెండూ ఉండాలి. అవి ఉంటే జీమెయిల్ పంపినవారి పేరు పక్కన అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ చూపించగలుగుతుంది. నొక్కగానే పనైపోవాలి. లాగిన్ అడగడం, కారణం అడగడం కుదరవు. 2 రోజుల్లోగా పేరు తీసేయాలి. 'పోస్ట్' అంటే ఉత్త లింకు తెరిస్తే కాదు, బటన్ నొక్కితేనే వెళ్లే ఆదేశం. అదెందుకంటే, ఆఫీసు సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు మెయిల్‌లోని లింకులన్నీ ముందే తెరిచి చూస్తాయి. ఉత్త లింకు తెరవగానే పేరు తీసేసేలా పెడితే అడగనివాళ్లూ లిస్టులోంచి మాయమవుతారు.

ఇంకో చిక్కు: మెయిల్ హెచ్‌టీఎమ్ఎల్ (వెనకుండే కోడ్) 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరిస్తుంది. అలా పోయేది చివర్లో ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకే.

అపోహ: పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో స్పామ్ రేటు సున్నా ఉంది, ఇక దిగుల్లేదు

పోస్ట్‌మాస్టర్ టూల్స్ అంటే జీమెయిల్‌లో మీ మెయిళ్ల పరిస్థితి చూపించే గూగుల్ సాధనం. ఆ రేటు లెక్కేసేది ఇన్‌బాక్సులోకి చేరిన మెయిళ్ల మీద. మీ మెయిళ్లు నేరుగా స్పామ్ ఫోల్డర్‌లోకే పోతుంటే రిపోర్ట్ కొట్టేవాళ్లే ఉండరు, రేటు అందంగా కనపడుతుంది. క్లిక్కులు ఒక్కసారిగా పడిపోయి స్పామ్ రేటు కూడా పడిపోతే అది మంచి కబురు కాదు.

'డెలివరీ 99 శాతం' అన్న అంకె కూడా ఇలాంటిదే. అవతలి సర్వర్ మెయిల్ తీసుకుందని మాత్రమే దాని అర్థం. తీసుకుని ఎక్కడ పెట్టిందో అది చెప్పదు.

అపోహ: ప్రమోషన్స్ ట్యాబ్ అంటే సగం స్పామే

కాదు. అది ఇన్‌బాక్సులో ఒక అర. ప్రచార మెయిల్ ఉండాల్సిన చోటు అదే.

అపోహ: లిస్టు పెద్దదైతే చాలు

కొన్న లిస్టులో మూడు రకాల అడ్రసులుంటాయి. మూసేసినవి, మీరెవరో తెలియనివాళ్లవి, స్పామ్ ట్రాపులు (స్పామ్ పంపేవాళ్లను పట్టడానికి పెట్టిన ఉచ్చు అడ్రసులు). ట్రాపుల్లో కొన్ని ఎవరూ ఎప్పుడూ వాడనివి. ఇంకొన్ని ఒకప్పుడు నిజమైనవే, ఏళ్ల తరబడి పడి ఉంటే ఉచ్చులుగా మార్చినవి. అంటే మీరు నిజాయితీగా పోగేసిన పాత లిస్టులో కూడా ఉచ్చు ఉండొచ్చు. '550 5.1.1' అని తిరిగొచ్చిన అడ్రసు లేనట్టే, వెంటనే తీసేయండి. 4తో మొదలయ్యే కోడ్లు తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించవచ్చు. కొత్తగా చేరేవాళ్లకు ధ్రువీకరణ మెయిల్ పంపి, అందులో లింకు నొక్కాకే లిస్టులో చేర్చుకుంటే తప్పు స్పెల్లింగులు, బాట్లు అక్కడే ఆగిపోతాయి.

పాతవాళ్లను ఏరేయడానికి ఓపెన్ రేటును నమ్మకండి. 2021లో యాపిల్ మెయిల్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చాక, మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడవుతాయి, ఓపెన్ పడుతుంది. క్లిక్కులు, కొనుగోళ్లు, లాగిన్లు చూడండి.

అపోహ: సొంత ఐపీ తీసుకుంటే ఇన్‌బాక్సు ఖాయం

ఐపీ అంటే మెయిల్ పంపే సర్వర్ అడ్రసు. కొత్త ఐపీకి మంచిపేరూ ఉండదు, చెడ్డపేరూ ఉండదు. దానికి పేరు రావాలంటే క్రమం తప్పకుండా బోలెడు మెయిళ్లు వెళ్లాలి. వారానికి కొన్ని వేలు పంపేవాళ్లకు సర్వీసు వాళ్ల ఉమ్మడి ఐపీయే మేలు. పైగా డొమైన్ పేరు పాడై ఉంటే ఐపీ మార్చినా అది వెంటే వస్తుంది.

ఇప్పటికే స్పామ్‌లో పడుతుంటే ముందు లిస్టంతటికీ పంపడం ఆపండి. గత 30 రోజుల్లో క్లిక్ చేసినవాళ్లకు మాత్రమే పంపండి. వాళ్ల దగ్గర ఇన్‌బాక్సులో పడటం మొదలయ్యాక 60 రోజులవాళ్లను, తర్వాత 90 రోజులవాళ్లను కలుపుకుంటూ వెళ్లండి. ఒక మెట్టు దగ్గర ఫిర్యాదులు పెరిగితే వెనక్కి దిగి ఒకటి రెండు వారాలు అక్కడే ఉండండి. ఈ మధ్యలో డొమైన్ మార్చకండి. మారిస్తే మళ్లీ మొదటి మెట్టే.