‘రికార్డు దొరకలేదు’ అంటే నకిలీ అనేనా?

ఉద్యోగమిచ్చే ముందు కంపెనీలు చేయించే డిగ్రీ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ గొడవ మళ్లీ మొదలైంది. హాల్‌టికెట్ నంబర్ కొట్టగానే సంగతి తేలిపోవాలని కంపెనీలు అంటున్నాయి. హనుమకొండ, జనగామ, మంచిర్యాల వైపు ఎప్పుడో డిగ్రీ పూర్తి చేసినవాళ్లేమో ఒరిజినల్ మెమోలు చేతిలో ఉన్నా ‘రికార్డు దొరకలేదు’ అన్న ఒక్క ముక్కకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

దొంగ మెమోల ముఠాల కథ అందరికీ తెలిసిందే. కానీ ఒరిజినల్ మెమోలున్నవాళ్లకు వచ్చిన ఈ చిక్కుకు అసలు మూలం 2016. ఆ విద్యా సంవత్సరంలోనే తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లాయి, వార్షిక పరీక్షలు పోయి సీబీసీఎస్ (క్రెడిట్ల పద్ధతి) సెమిస్టర్లు వచ్చాయి. అప్పటి నుంచి విద్యార్థి వివరాలు అడ్మిషన్ రోజే కంప్యూటర్‌లో పడుతున్నాయి. అంతకు ముందు బ్యాచ్‌లకు ఆధారం కాలేజీలు పంపిన నామినల్ రోల్స్ (విద్యార్థుల పేర్ల జాబితాలు), పరీక్షల విభాగంలో బైండు చేసిన టీఆర్, అంటే అందరి మార్కులూ రాసి ఉంచే టాబ్యులేషన్ రిజిస్టర్లు. 2022లో ఉన్నత విద్యామండలి వెరిఫికేషన్ పోర్టల్ తెచ్చినప్పుడు 2010 నుంచి పాసైనవాళ్ల వివరాలు అందులో పెట్టారు. అంటే రెండు రకాల రికార్డులు ఒకే తెర మీదికి వచ్చాయి. అంతకంటే పాతవాళ్లకు దిక్కు రిజిస్టరే. కరీంనగర్ వాళ్లది ఇంకో తిరకాసు. శాతవాహన యూనివర్సిటీ వచ్చింది 2008లో. అంతకు ముందు అక్కడ చదివినవాళ్ల డిగ్రీ కాకతీయది.

టీఆర్‌లో ఒక పేజీ తిప్పితే సంగతి అర్థమవుతుంది. రీవాల్యుయేషన్‌లో మార్కులు పెరిగితే పాత అంకె కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో కొత్తది వేసి, పొట్టి సంతకం పెడతారు. ఎంట్రీ చేసేవాళ్లు కొట్టేసిన అంకెనే ఎక్కిస్తే మెమోలో 41, కంప్యూటర్‌లో 29. సప్లిమెంటరీ రాసినవాళ్లకు ఒకే పేపర్‌కు రెండు మూడు వరుసలుంటాయి. సాఫ్ట్‌వేర్ మొదటి వరుస దగ్గరే ఆగితే పాసైన మనిషి ఫెయిల్. ఫైనలియర్ 2014లో పాసై, ఫస్టియర్ బ్యాక్‌లాగ్ 2015లో తీర్చుకున్నవాళ్లు పాసైన సంవత్సరం ఏది? దరఖాస్తులో ఒకటి ఉంటుంది, డేటాలో ఇంకొకటి.

మిగతా నష్టం ఎక్సెల్ చేస్తుంది. నంబర్ ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 11 అంకెలు దాటితే 1.23E+11 లాంటి ఈ-ప్లస్ రూపంలోకి మారుతుంది, అలాగే సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్ ఫైల్)గా సేవ్ చేస్తే చివరి అంకెలు ఇక తిరిగి రావు. ఆగస్టు 4 ఏప్రిల్ 8 అవుతుంది. హాల్‌టికెట్, పుట్టిన తేదీ కాలమ్‌లను ముందే టెక్స్ట్‌గా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. పేర్ల సంగతి సరేసరి. టెన్త్ మెమోలో గుగులోతు, డిగ్రీలో గుగులోత్, ఆధార్‌లో ఇంటిపేరు చివర. అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రాంకు వీళ్లు ముగ్గురు మనుషులు.

చేయాల్సిన పద్ధతి పరీక్షల విభాగాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. హాల్‌టికెట్ నంబర్, పుట్టిన తేదీ కచ్చితంగా కలవాలి. పేరు, తండ్రి పేరు దగ్గరగా ఉంటే చాలు. మార్కులకు చివరి ప్రయత్నం వరుసనే తీసుకోవాలి. ఫలితం కూడా ‘కలిసింది’, ‘కలవలేదు’ అని రెండే ఉండకూడదు. ‘రిజిస్టర్ చూడాలి’ అనే మూడోది ఉండాలి. అందులో పడ్డ కేసులకు ఒకరు టీఆర్ చదవాలి, ఇంకొకరు తెర చూడాలి, ఏ పేజీ చూశారో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. కొత్త డేటా ఎక్కించే ముందు ఒక్కో బ్యాచ్ నుంచి కొన్ని నంబర్లు తీసి ఇలాగే సరిచూస్తే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

మనుషుల చేతికి వదిలితే ఆలస్యం, ఆపైన పైరవీలు అన్నది కంపెనీల తరఫున వెరిఫికేషన్ చేసే ఏజెన్సీల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆటోమేటిక్ చెక్‌లో తేడా వచ్చినప్పుడు మళ్లీ ఫీజు కట్టి, యూనివర్సిటీ చుట్టూ తిరిగి, ఆఫర్ లెటర్ గడువు దాటకుండా కాగితం తెచ్చుకోవాల్సింది మాత్రం అభ్యర్థే. ఎంట్రీలో జరిగిన పొరపాటుకు ఆ ఫీజు ఎవరు కట్టాలన్నదే ఇప్పుడు తేలాల్సింది.