రోజుకూ ఓరలు (అంచులు) ఉండాలి: ఆటంకాల గురించి అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నేను తరచూ వినే మాట: "పాస్టర్ గారూ, పొద్దున ఒకటి అనుకుంటే సాయంత్రానికి ఇంకొకటి అవుతోంది. ఇలాగైతే దేవునికి టైమ్ ఎప్పుడివ్వాలి?" ఈ బాధ నిజమైనదే. కానీ దాని వెనక కొన్ని అపోహలు కూడా ఉంటాయి.

అపోహ: భక్తి సరిగా ఉంటే రోజు సాఫీగా సాగుతుంది. మధ్యలో వచ్చేదంతా సాతాను పనే.

వాస్తవం: మార్కు సువార్త 5వ అధ్యాయం చూడండి. యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతురు చావుబతుకుల్లో ఉంది, ఆమెకు 12 ఏళ్లు. యేసు ఆ ఇంటికే వెళ్తున్నాడు. దారిలో, 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టింది. ముట్టిన క్షణంలోనే బాగైంది. ఇక ఆగాల్సిన పని లేదు. అయినా ఆయన ఆగాడు, ఆమె చెప్పుకున్నదంతా విన్నాడు, "కుమారీ" అని పిలిచాడు.

ఈ భాగం చదివినప్పుడల్లా నా మనసు యాయీరు దగ్గరే ఆగిపోతుంది. ఆ తండ్రి అక్కడ ఎలా నిలబడ్డాడో! కూతురు చనిపోయిందన్న కబురు కూడా అప్పుడే వచ్చింది. యేసు భయపడవద్దని అతనికి చెప్పి, ఆ ఇంటికీ వెళ్లి పాపను లేపాడు. మనకు అలాంటి శక్తి లేదు. అందుకే మనం ఒకరి కోసం ఆగినప్పుడు, మన కోసం ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాలి. అదీ ప్రేమే.

అపోహ: మనసుంటే చాలు, సమయం దానంతట అదే దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు, ముందే వదిలిపెట్టుకోవాలి. పొలం ఓరలు, అంటే అంచుల్లోని పంట, పూర్తిగా కోయవద్దని, కోతలో రాలిన పరిగె ఏరుకోవద్దని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. అది బీదలకు, పరదేశులకు. ఎవరు వస్తారో కోత రోజున రైతుకు తెలియదు. బోయజు అనే రైతు పొలానికి పరదేశి అయిన బీద విధవ రూతు అలాగే వచ్చింది.

మన రోజును మాత్రం గట్టు దాకా కోసేస్తాం. అందుకే ఎవరైనా వస్తే ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఒకసారి ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు వెంటనే ఇంకో కూటం ఉంది. "రేపు రండి బ్రదర్" అన్నాను. ఆయన మళ్లీ చాలా నెలలు కనబడలేదు. అప్పటి నుంచి ఆరాధన తర్వాత గంటసేపు ఏమీ పెట్టుకోను. చాలామంది గుండె విప్పేది గుమ్మం దగ్గరే. మీరూ రెండు పనుల మధ్య ఓ అరగంట, వారంలో ఒక సాయంత్రం ఖాళీగా ఉంచి చూడండి. ఎవరూ రాకపోతే విశ్రాంతి తీసుకోండి, తప్పేం లేదు.

అపోహ: ప్రతి ఆటంకమూ దేవుని పిలుపే, కాదంటే పాపం.

వాస్తవం: అందరూ నిన్ను వెదకుతున్నారని శిష్యుడైన సీమోను వచ్చి చెప్పినా, యేసు వేరే ఊళ్లకు బయల్దేరాడు. అంతకుముందు చీకటి ఉండగానే లేచి ప్రార్థనలో గడిపాడు. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు నాలుగుసార్లు రమ్మని కబురు పెట్టారు. నాలుగుసార్లూ రానన్నాడు. నేనైతే మూడు సంగతులు చూస్తాను: ఎదురుగా నిజంగా అవసరంలో ఉన్న మనిషి ఉన్నాడా, అది రేపటిదాకా ఆగుతుందా, నేనే వెళ్లాలా. ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్లలో చాలావరకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

అపోహ: ఒకసారి ఆగితే చివరిదాకా మనమే మోయాలి.

వాస్తవం: యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాని గాయాలు కట్టాడు, ఆ రాత్రి చూసుకున్నాడు. మరునాడు పూటకూళ్లవానికి 2 దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి వెళ్లాడు. బాధ్యత వదల్లేదు, ప్రయాణమూ మానలేదు.

అపోహ: ప్రార్థన మధ్యలో పిల్లలు వస్తే ప్రార్థన చెడిపోతుంది.

వాస్తవం: యేసు దగ్గరికి పిల్లల్ని తెచ్చినవాళ్లను శిష్యులు గద్దిస్తే యేసు శిష్యుల మీదే కోపపడ్డాడు, పిల్లల్ని ఎత్తి కౌగిలించుకున్నాడు. మీ పాప వస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రార్థన కొనసాగించండి. ఆమేన్ తనతోనే చెప్పించండి.