పాత మాత్రకు లైసెన్సు అడిగే నాథుడు లేడు

పీబీసీ అనే కాలేయ జబ్బుకు వాడే ఒబెటికోలిక్ ఆమ్లం 2025 సెప్టెంబరులో అమెరికా మార్కెట్‌కూ దూరమైంది. దాంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్, అంటే వైద్యుల వాడుకలో పీబీసీ, రోగ నిరోధక వ్యవస్థ కాలేయంలోని సన్నటి పైత్యరస నాళాలనే దెబ్బతీసే అరుదైన జబ్బు. రోగుల్లో ఎక్కువమంది నడివయసు మహిళలు. మొదట ఇచ్చే ఉర్సోడిఆక్సికోలిక్ ఆమ్లం సుమారు 40 శాతం మందికి చాలదు. వాళ్లకు రెండో మందుగా ఏది ఇవ్వాలన్నదే పేచీ.

బెజాఫైబ్రేట్ 1970లలో జర్మనీలో పుట్టిన కొలెస్ట్రాల్ మాత్ర. దానితో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యరస నాళాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) తగ్గుతోందని గమనించి పీబీసీ రోగులకు ఇచ్చి చూసింది జపాన్ వైద్యులు. 1999 నుంచే వాళ్ల నివేదికలున్నాయి. అయితే అసలు మలుపు 2018లో ఫ్రాన్స్‌లో వచ్చింది. బెజర్సో అనే పరీక్షలో వంద మంది రోగులు పాత మందు మానకుండానే, రెండేళ్లపాటు రోజూ 400 మిల్లీగ్రాముల బెజాఫైబ్రేటో, ఉత్తుత్తి మాత్రో వేసుకున్నారు. పెట్టిన గీటురాయి చాలా కఠినం: కాలేయం స్థితి చెప్పే రక్త పరీక్షలు, అంటే బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ట్రాన్సమినేజ్‌లు, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ అన్నీ మామూలు స్థాయికి రావాలి. బెజాఫైబ్రేట్ వాడినవారిలో 31 శాతం మంది గట్టెక్కారు. రెండో గుంపులో ఒక్కరూ లేరు. పైగా, ఈ జబ్బులో నిద్ర పట్టనివ్వని దురద కూడా తగ్గింది.

దీని పక్కన ఒబెటికోలిక్ ఆమ్లాన్ని పెట్టి చూడాలి. 2016లో దానికి అమెరికా సత్వర అనుమతి (పూర్తి రుజువు తర్వాత చూపాలన్న షరతుతో ముందే ఇచ్చేది) తెచ్చిన పరీక్షలో బిలిరుబిన్ మామూలుగా ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంత దిగితే సరిపోయింది. దురద మాత్రం పెరిగింది. మరుసటి ఏడాదే, మోతాదు మించిన రోగుల్లో మరణాలు నమోదయ్యాయని హెచ్చరిక వెలువడింది. ఆయుష్షు పెరుగుతుందని తర్వాతి పరీక్షలో తేలకపోవడంతో, 2024 జూన్‌లో యూరప్ ఔషధ సంస్థ అనుమతి రద్దుకు సిఫార్సు చేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ మందు తయారుచేసిన ఇంటర్సెప్ట్ సంస్థే దాన్ని బెజాఫైబ్రేట్‌తో కలిపి పరీక్షించింది!

మరి బెజాఫైబ్రేట్‌కు పీబీసీ అనుమతి ఎందుకు రాలేదు? పేటెంటు ఎప్పుడో ముగిసింది. దరఖాస్తుకయ్యే ఖర్చు ఎవరు పెట్టుకున్నా, లాభం మిగతా తయారీదారులందరికీ పోతుంది. బెజర్సోకు ప్రధానంగా డబ్బిచ్చింది ఫ్రాన్స్ ప్రభుత్వ ఆసుపత్రుల పరిశోధన నిధి. అది మందులమ్మే కొట్టు కాదు. బెజాఫైబ్రేట్ లాగే కణాల్లోని అదే గ్రాహకాల (మందు వచ్చి అతుక్కునే ప్రోటీన్ల) కుటుంబంపై పనిచేసే కొత్త మందులకు మాత్రం కొనుగోలుదారులు దొరికారు. ఎలాఫిబ్రానార్‌కు 2024 జూన్‌లో, సెలాడెల్పార్‌కు ఆగస్టులో అమెరికా సత్వర అనుమతి లభించింది. సెలాడెల్పార్ కోసం దాన్ని రూపొందించిన సంస్థనే గిలియడ్ అనే ఔషధ సంస్థ 430 కోట్ల డాలర్లకు కొనేసింది.

కొత్త మందుల పక్షం వాదనలోనూ కొంత పస ఉంది. బెజాఫైబ్రేట్‌తో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, కండరాల నొప్పులు వస్తాయి. వంద మందితో చేసిన పరీక్ష చిన్నదే. కానీ ఆయుష్షు పెంచుతాయని కొత్తవాటికీ ఇంకా రుజువు కావాలి. ఆ సంగతిలో జపాన్‌లో 3,908 మంది రోగుల రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం పాత మందు వైపే మొగ్గింది: బెజాఫైబ్రేట్ కలిపి వాడినవారిలో మరణాలు, కాలేయ మార్పిడులు తక్కువ. అది రోగులను చీటీ తీసినట్టు గుంపులుగా విడదీసి చేసే యాదృచ్ఛిక పరీక్ష కాదన్నది నిజమే. అమెరికాలో బెజాఫైబ్రేట్‌కు కొలెస్ట్రాల్ మందుగానూ అనుమతి లేదు కనుక, అక్కడి వైద్యులు దాని దాయాది ఫెనోఫైబ్రేట్‌ను ముద్రిత సూచనల్లో లేకపోయినా రాసిస్తున్నారు.