జపాన్ సైక్లిస్టులు ట్రాక్ వైపే ఎందుకు మొగ్గారు?

1948లో జపాన్ పార్లమెంటు సైకిల్ పోటీల చట్టాన్ని ఆమోదించేనాటికి, ఆ దేశపు నగరాలు బాంబుదాడుల దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. స్థానిక ప్రభుత్వాలకు పునర్నిర్మాణ భారం పెద్దది, చేతిలో ఉన్న సొమ్ము తక్కువ. జనం పందెం కాసే సైకిల్ పోటీలను స్థానిక ప్రభుత్వాలే నిర్వహించి, వచ్చిన ఆదాయాన్ని తమ అవసరాలకూ సైకిల్ పరిశ్రమను నిలబెట్టడానికీ వాడుకునేందుకు ఆ చట్టం వీలు కల్పించింది. అదే ఏడాది నవంబరులో కొకురాలో మొదటి పోటీ జరిగింది. ఆ పోటీలకే కీరిన్ అనే పేరు స్థిరపడింది. జపాన్‌లో సైక్లింగును వృత్తిగా ఎంచుకునేవారిలో అత్యధికులు రహదారిని వదిలి ట్రాక్ (పోటీల కోసం కట్టిన వలయాకారపు బాట) మీదికి వెళ్లడానికి మూలం అభిరుచిలో కంటే ఈ చట్టంలోనే ఉందని నా అభిప్రాయం.

పందెం నడవాలంటే చుట్టూ ప్రహరీ, టికెట్ల కిటికీ, మొదటి నుంచి చివరి దాకా ఆట కళ్లెదుట కనిపించే ఏర్పాటు ఉండాలి. మలక్‌పేట రేసుకోర్సు తెలిసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఊళ్లు దాటుకుంటూ పోయే రహదారి పోటీలో ప్రేక్షకుడికి దక్కేది కొన్ని క్షణాల దృశ్యమే. పైగా ఆనాటి జపాన్ రహదారులు దీనస్థితిలో ఉండేవి. 1956లో అధ్యయనానికి వచ్చిన అమెరికన్ నిపుణుల బృందం, పారిశ్రామిక దేశాల్లో మరెక్కడా రోడ్లను ఇంతగా నిర్లక్ష్యం చేయలేదని తన నివేదికలో తేల్చింది.

పందెం ఆదాయం క్రమంగా ఒక జీవనోపాధిని నిర్మించింది. ఇజు ద్వీపకల్పంలోని కీరిన్ శిక్షణ పాఠశాలలో చదివి, పరీక్ష నెగ్గి, లైసెన్సు పొందినవారే ఈ పోటీల్లో దిగాలి. అలాంటివారు నేడు రెండు వేలకు పైగా ఉన్నారు. నలభై ఏళ్లు దాటినవారు కూడా పోటీపడుతూ కుటుంబాలను పోషించుకుంటున్నారు. పందెం కాసేవారి నమ్మకం చెదరకూడదన్న పట్టింపు సైకిల్ తయారీ దాకా వెళ్లింది: పురుషుల సంప్రదాయ పోటీల్లో నేటికీ ఉక్కు ఫ్రేములే వాడతారు, ప్రతి భాగానికీ ఆమోదముద్ర ఉండాలి, గెలుపు యంత్రానిది కాక మనిషిది కావాలి. పోటీలు ముగిసేవరకు క్రీడాకారులను బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా వసతిగృహంలోనే ఉంచుతారు. బలమైన కాళ్లున్న యువకుడికి ఇంత భరోసా ఇచ్చే దారి రహదారి పోటీల్లో లేదు.

రహదారి మీద ప్రయత్నించినవారు లేకపోలేదు. కిస్సో కవమురో 1926లోనే, వారాల తరబడి సాగే ప్రఖ్యాత రహదారి పోటీ టూర్ డి ఫ్రాన్స్‌లో బరిలో దిగాడు. అయితే ఆ పోటీని చివరిదాకా పూర్తిచేసిన జపనీయుల కోసం 2009లో యుకియా అరషిరో, ఫుమియుకి బెప్పుల దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ట్రాక్ మీద కథ వేరు. కొయిచి నకానో 1977 నుంచి 1986 వరకు వరుసగా పదిసార్లు వృత్తి క్రీడాకారుల స్ప్రింట్ (తక్కువ దూరపు వేగ పోటీ)లో ప్రపంచ విజేతగా నిలిచాడు. వృత్తి క్రీడాకారులకు ఒలింపిక్స్ సైక్లింగులో 1996 దాకా ప్రవేశం లేకపోవడంతో, అంతటి వాడు అక్కడ ఒక్కసారీ పాల్గొనలేకపోయాడు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కీరిన్‌కు చోటు దక్కినా, ఆ ఆట పుట్టిన దేశానికి స్వర్ణం రాలేదు. స్వదేశపు కీరిన్ ట్రాకులు ఎక్కువగా 333, 400, 500 మీటర్ల చుట్టుకొలతతో ఆరుబయట ఉంటాయి. అంతర్జాతీయ పోటీలు 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద జరుగుతాయి. ఏటవాలు, వేగం, ఎత్తుగడ అన్నీ అక్కడ మారిపోతాయి. అలాంటి ట్రాక్ ఇజులో తెరుచుకున్నది 2011లో మాత్రమే.

మహిళల విషయంలో నష్టం మరింత లోతైనది. 1949లో మొదలైన వారి కీరిన్‌ను 1964లో రద్దు చేశారు, 2012లో గాని పునరుద్ధరించలేదు. మధ్యలో దాదాపు అర్ధశతాబ్దం పాటు మగవారికి దొరికిన ఆ ఉపాధి వారికి లేదు. ఆ తలుపు తిరిగి తెరుచుకున్న తొమ్మిదేళ్లకు, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఇజు ట్రాక్ మీదే, యుమి కజిహర ఆమ్నియం (పలు ట్రాక్ పోటీల పాయింట్లను కలిపి విజేతను తేల్చే) విభాగంలో రజతం గెలిచి, సైక్లింగులో ఒలింపిక్ పతకం సాధించిన తొలి జపాన్ మహిళ అయింది. ఆమె కూడా కీరిన్ క్రీడాకారిణే.