రాళ్ల సేకరణ: ఇంటి పనిముట్లపై అపోహలు – వాస్తవాలు

రాళ్లు ఏరడం మొదలుపెట్టినవారికి నేను చెప్పేది ఒక్కటే. రాయిని పరీక్షించే సాధనాలు ఇంట్లోనే చేసుకోండి, రాయిని కొట్టే సుత్తి మాత్రం కొనుక్కోండి. చాలామంది సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు.

అపోహ: మేకులు కొట్టే సుత్తి చాలు.

చాలదు, పైగా ప్రమాదం. వడ్రంగి సుత్తి ముఖం మేకుల కోసం తయారైంది. గట్టి రాతి మీద బలంగా పడితే దాని అంచు నుంచి ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడవచ్చు. ఉలి సంగతి వేరు. కమ్మరి చేత పాత లారీ కమాను పట్టీతో చక్కగా చేయించుకోవచ్చు. అయితే గట్టిపరచాల్సింది మొన వైపే, దెబ్బ పడే తల మెత్తగానే ఉండాలి. వాడగా వాడగా ఆ తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చిన అంచులను సానపట్టి తీసేయండి, లేకపోతే అవే ఎగిరిపడతాయి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. చలువ కళ్లద్దాలు వాటికి బదులు కావు.

అపోహ: గాజును గీస్తే వజ్రమే, సుత్తి దెబ్బకు పగలకపోతే ఇక సందేహమే లేదు.

తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలలో వెతికేవారి మధ్య ఈ మాట తిరుగుతుంటుంది. గీతకు ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో గాజు కాఠిన్యం సుమారు 5.5, పలుగురాయిది (క్వార్ట్జ్) 7. కాబట్టి చేలో దొరికే పలుగురాయి ముక్క కూడా గాజును గీస్తుంది. ఇక సుత్తి పరీక్ష శుద్ధ దండగ. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రానికి సహజంగా చీలే తలాలున్నాయి, దెబ్బ పడితే ముక్కలవుతుంది.

అపోహ: సాంద్రత తెలియాలంటే ప్రయోగశాలకు వెళ్లాలి.

వంటింటి డిజిటల్ కాటా, గ్లాసు నీళ్లు, దారం ఉంటే సరి. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. రాయిని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి. అది అడుగుకూ అంచుకూ తగలకూడదు, గాలి బుడగలు అంటుకుంటే తుడిచేయాలి. ఇప్పుడు కాటా చూపే అంకెతో పొడి బరువును భాగించండి. 180 గ్రాముల తెల్లరాయి నీళ్లలో 68 చూపితే భాగఫలం 2.65, అంటే పలుగురాయి కావచ్చు. అదే 40 చూపితే 4.5, మంగంపేటలో తవ్వే ముగ్గురాయి (బెరైటీస్) సాంద్రత అది. వజ్రానిది 3.52. కాకపోతే గింజంత రాయికి వంటింటి కాటా పనికిరాదు, నగల దుకాణంలో వాడే లాంటిది కావాలి.

అపోహ: కడప నల్లబండ కూడా గ్రానైటే.

సున్నపురాయి అది. మేకుతో కాస్త గీకి ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేసి భూతద్దంలో చూడండి, సన్నని బుడగలు లేస్తాయి. గ్రానైటుపై లేవవు. కడప బండ వంటగట్టు మీద నిమ్మరసం ఒలికిన చోట మెరుపు పోవడానికి కారణమూ ఇదే.

అపోహ: గీత పరీక్షకు, అంటే రాయిని రుద్ది దాని పొడి రంగు చూడటానికి, ప్రత్యేక పలక కొనాలి.

గోడ టైలు వెనక వైపు, పూత లేని భాగం సరిపోతుంది. ఇనుప ఖనిజాల్లో, పైకి నల్లగా కనిపించే హెమటైటు దాని మీద ఎర్రమట్టి రంగు గీత గీస్తుంది, మాగ్నటైటు నల్లగా గీస్తుంది.

ఇసుకలోని మాగ్నటైటు రేణువులను ఏరే అయస్కాంతాన్ని పాత స్పీకరులోంచి తీసుకోవచ్చు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇసుకలో తిప్పండి. పని అయ్యాక అయస్కాంతాన్ని బయటికి తీసి సంచి తిరగేస్తే పట్టుకున్నదంతా రాలిపోతుంది. సంచి లేకుండా భీమిలి నల్ల ఇసుకలో దించారా, ఆ రేణువులు వదిలించడానికే పొద్దు గూకుతుంది.